మీటరు ఎత్తు నుంచి హైదరాబాదు

గత నెల ఒక ఆదివారం మా మనవరాలిని నగరంలోని ఒక పెద్ద మాల్‌కి తీసుకెళ్లాం. పై అంతస్తులో పిల్లల ఆటస్థలం ఉంది. గంటకు ఇంత అని టికెట్టు, పిల్లతోపాటు లోపలికి వెళ్లే పెద్దవాళ్లకు మరో టికెట్టు, మేజోళ్లు లేకపోతే అక్కడే కొనాలి. చేతికి కాగితం పట్టీ కట్టి దానిమీద లోపలికి వెళ్లిన సమయం రాశారు. లోపల రంగురంగుల బంతుల గుంత, గాలి నింపిన జారుడుబల్ల, వెలిగి ఆరే దీపాలు, చెవులు చిల్లులుపడేలా పాటలు. పిల్లకు నాలుగేళ్లు. ఐదు నిమిషాలు బంతుల్లో కూర్చుంది. తర్వాత రెండు చేతులతో చెవులు మూసుకుని నా దగ్గరికి వచ్చి "అమ్మమ్మా, ఇంటికి వెళ్దాం" అంది. ఇంకా 50 నిమిషాలు మిగిలి ఉన్నాయి కదా అని మా అమ్మాయి నచ్చజెప్పి లోపలికి పంపింది. మళ్లీ వచ్చింది. మూడోసారి ఏడ్చింది.

కిందికి దిగి కారు కోసం నిలబడితే, రోడ్డు పక్కన చెరకు రసం బండి కనిపించింది. చక్రానికి గజ్జెలు కట్టి ఉన్నాయి. బండి అతను గడను యంత్రంలో పెట్టి చక్రం తిప్పుతుంటే ఘల్లుఘల్లుమంటున్నాయి. అటునుంచి వచ్చిన పిప్పిని మడిచి, మధ్యలో అల్లం ముక్క, నిమ్మచెక్క పెట్టి మళ్లీ లోపలికి నెట్టాడు. మళ్లీ మడిచాడు, మళ్లీ నెట్టాడు. "ఇంకా రసం ఉందా?" అని అడిగింది పిల్ల. "చూద్దాం పాపా" అన్నాడతను. రెండు చుక్కలు రాలాయి. "అయిపోయింది" అని తనే తీర్పు చెప్పింది. ఆ తర్వాత వచ్చిన నలుగురికి రసం తీసేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కారు వచ్చాక ఎత్తుకుని తీసుకుపోవలసి వచ్చింది.

పిల్లలంతే, ఖరీదైన బొమ్మను వదిలేసి అది వచ్చిన అట్టపెట్టెతో ఆడుకుంటారు అని నవ్వి ఊరుకోవడం మనకు అలవాటు. నాకు ఆ రోజు నవ్వు రాలేదు. 31 ఏళ్లు ఒంగోలులో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పాను. పిల్ల దేనిమీద మనసు పెడుతుందో, దేని దగ్గర చెదిరిపోతుందో కనిపెట్టడమే నా ఉద్యోగంగా ఉండేది. చెరకు బండి దగ్గర జరుగుతున్నది ఒక్కటే పని. దానికి మొదలు ఉంది, చివర ఉంది. పిల్ల కళ్ల ఎత్తులోనే జరుగుతోంది. చేస్తున్న మనిషి ఆమె అడిగినదానికి జవాబు చెప్పాడు. ఇక చాలు పద అని ఎవరూ తొందరపెట్టలేదు. పై అంతస్తులో నలభై సంగతులు ఒకేసారి జరుగుతున్నాయి, ఒకదానికీ కారణం కనిపించదు. దీపం ఎందుకు వెలిగిందో, పాట ఎందుకు మారిందో పిల్ల తెలుసుకోలేదు. తను ఏం చేసినా, చేయకపోయినా అవి అలాగే జరుగుతుంటాయి.

ఉద్యోగం నుంచి దిగి ఈ పిల్లను చూసుకోవడానికి హైదరాబాదు వచ్చి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో పిల్లల కోసం అని బోర్డు పెట్టిన చోట్లు చాలానే తిరిగాం. అవి ఎక్కువభాగం పెద్దవాళ్ల కళ్లకు, పెద్దవాళ్ల కెమెరాలకు అనువుగా కట్టినవని నా అభిప్రాయం. పిల్ల అక్కడ ఫొటోలో ఉండవలసిన మనిషి, అంతే.

మా మనవరాలి ఎత్తు 101 సెంటీమీటర్లు. గోడమీద పెన్సిలు గీతలు ఉన్నాయి కాబట్టి కచ్చితంగా చెప్పగలను. ఒకసారి చేపల ప్రదర్శన అంటే వెళ్లాం. వరస నెమ్మదిగా కదులుతోంది, వెనకనుంచి తోపులాట. పిల్ల ఒకటే గొడవ, కనపడటం లేదని. ఎదురుగా అంత పెద్ద గాజు తొట్టె ఉంటే కనపడకపోవడం ఏమిటని మా అమ్మాయి విసుక్కుంది. నేను మోకాళ్లమీద కూర్చుని పిల్ల తల పక్కన తల పెట్టి చూశాను. ఎదుట ఇనుప కమ్మీ. దానికి అటూ ఇటూ మోకాళ్లు, చేతి సంచులు, ఎవరిదో నీళ్ల సీసా. చేపలు పైన ఎక్కడో, దీపాల మెరుపులో. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆ గంటసేపూ ఆమెను ఎవరో ఒకరు చంకనెత్తుకోవలసి వచ్చింది. చంకలోని పిల్ల ఏదీ ముట్టుకోలేదు, నచ్చినచోట ఆగలేదు, వెనక్కి తిరిగి ఇంకోసారి చూడలేదు. ఎత్తుకున్నవాళ్లు ఎటు తిరిగితే అటే చూడాలి. చిన్నపిల్లల కోసమే కట్టామని చెప్పుకునే చోట మీటరు ఎత్తులో ఏం కనపడుతుందో కట్టేటప్పుడు ఒక్కరూ వంగి చూడలేదా? ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

జంతుప్రదర్శనశాల సంగతి వేరు. 1963లో మీరాలం చెరువు పక్కన తెరిచిన నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు. అంత చోటు, అన్ని చెట్లు ఉండటం నగరం అదృష్టం. అక్కడ తప్పు చేసింది మేమే. మా అమ్మాయి ముందురోజు రాత్రే జాబితా రాసుకుంది: సింహం, పులి, జిరాఫీ, ఖడ్గమృగం, మొసలి, పక్షులు. పిల్ల ఏనుగు దగ్గర ఆగిపోయింది. ఏనుగు తొండంతో మట్టి తీసి వీపుమీద చల్లుకుంటోంది. "స్నానం చేస్తోందా?" అంది. అవునన్నాను. "మరి మట్టితో ఎందుకు?" ఎండ తగలకుండా, పురుగులు కుట్టకుండా అని చెప్పాను. కాసేపు ఆలోచించి కింద ఉన్న మట్టి తీసి తన మోచేతిమీద చల్లుకుంది. మా అమ్మాయి "అయ్యో, బట్టలు! పద, ఇంకా సింహం ఉంది" అని చెయ్యి పట్టుకుని లాగింది. ఆ తర్వాత మేం చూసినవేవీ పిల్లకు గుర్తులేవు. మధ్యాహ్నం ఎండలో సింహమూ పులీ నిద్రపోతున్నాయి. ఇంటికి వచ్చేటప్పటికి అందరికీ కాళ్లనొప్పులు. 380 ఎకరాలను నాలుగేళ్ల కాళ్లతో ఒక్కరోజులో ముగించాలనుకోవడం, ఇచ్చిన డబ్బుకు సరిపడా చూపించాలనుకోవడం పెద్దవాళ్ల లెక్క. మళ్లీ వెళ్తే పొద్దున్నే వెళ్లి ఏనుగును మాత్రమే చూసి వస్తాం.

అలాగని ఈ నగరంలో చిన్నపిల్లలకు నచ్చేవి లేవని కాదు. ఉన్నాయి, వాటిలో చాలావరకు పిల్లల కోసం కట్టినవి కావు.

సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకోండి. 1951లో సాలార్‌జంగ్‌ల పాత నివాసం దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. అందులోని గంటల గడియారం గురించి తెలియని తెలుగువాళ్లు తక్కువ. మా వాచ్‌మన్ భార్య, ఐదేళ్ల వాళ్ల అమ్మాయి, నేను, మా మనవరాలు నలుగురం కలిసి వెళ్లాం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ప్రయాణానికి ఖర్చు కాలేదు. కూకట్‌పల్లి నుంచి అఫ్జల్‌గంజ్ దాకా సిటీ బస్సు, అక్కడినుంచి నయాపూల్ వంతెన మీదుగా నడక. వాచ్‌మన్ కుటుంబం మా అపార్టుమెంటుకు వచ్చి మూడేళ్లయింది. ఆ పిల్ల అంతకుముందు మూసీ దాటలేదు. కిటికీ పక్క సీట్లో ఇద్దరూ ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నంత ఇరుగ్గా కూర్చుని, దారిపొడవునా మెట్రో స్తంభాలు లెక్కపెట్టారు. ఇరవై తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలు.

మధ్యాహ్నం పన్నెండుకు గడియారం ముందు ఉండేలా చూసుకోమని నేను ప్రతి ఇంటికీ చెబుతాను. ఎందుకంటే అప్పుడు పన్నెండు గంటలు కొడుతుంది. జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. గడియారంలో ఒక పక్క కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి వేస్తూనే ఉంటుంది, కాబట్టి ఎదురుచూసేటప్పుడు కూడా చూడటానికి ఒకటి ఉంది. సమయం దగ్గరపడుతుంటే అందరూ నిశ్శబ్దమైపోతారు. అప్పుడు తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడం మొదలుపెడుతుంది. పిల్లలిద్దరూ లెక్కపెట్టారు. పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన కూడా వాళ్లతో గొంతు కలిపాడు. పన్నెండో దెబ్బ తర్వాత బొమ్మ లోపలికి వెళ్లిపోయింది. "మళ్లీ వస్తాడా?" "ఒంటిగంటకు వస్తాడు." "అప్పుడు ఎన్ని కొడతాడు?" "ఒక్కటే." ఆ ఒక్క దెబ్బ కోసం కూడా ఉంటామని ఇద్దరూ పట్టుబట్టారు, ఉన్నాం. మ్యూజియంలోని మిగతా గదులేవీ చూడలేదు.

మరునాడు ఇంట్లో మా మనవరాలు తెర వెనక నుంచి స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. వాచ్‌మన్ వాళ్ల అమ్మాయి నేలమీద కూర్చుని ఎదురుచూస్తోంది. దెబ్బలు లెక్కపెట్టి కొట్టి, మొహంలో నవ్వు కనపడనీయకుండా వెనక్కి నడిచి తెర వెనకకు వెళ్లిపోయింది. ఆ ఆట వారం రోజులు సాగింది. మాల్‌లో ఆడిన ఆటను ఇంట్లో మళ్లీ ఒక్కసారి కూడా ఆడలేదు. పిల్ల ఒకచోటు నుంచి ఏం తెచ్చుకుందో ఇంట్లో ఆమె ఆటల్లో తెలుస్తుంది. నాకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకలేదు.

గోల్కొండలో కూడా ఇదే చూశాను. కోట ప్రవేశద్వారం దగ్గర కమాను కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండపైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్లకు తెలియడానికి కట్టిన ఏర్పాటు. జనం ఇంకా పెరగకముందే వెళ్లాం. మా అల్లుడు పైకెక్కాడు, పిల్లా నేనూ కింద ఉన్నాం. కొట్టింది. కాసేపటికి ఫోను మోగింది, "వినిపించింది అత్తయ్య గారూ, మూడుసార్లు కొట్టింది కదా?" అని. పిల్ల తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. తను చేసిన పనికి ఎక్కడో దూరంగా ఫలితం వచ్చిందని తెలిసినప్పటి ఆ మొహం నేను ఏ మీట నొక్కే బొమ్మ దగ్గరా చూడలేదు.

రాకాసిబల్లుల విషయం కూడా చెప్పాలి. నగర శివారులో ఒకచోట తల ఊపి గర్జించే రాకాసిబల్లుల బొమ్మలు పెట్టారంటే వెళ్లాం. పిల్ల మొదటి గర్జనకే నా కొంగులో మొహం దాచుకుంది, బయటికి వచ్చేదాకా తీయలేదు. కొన్ని నెలల తర్వాత నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే రాకాసిబల్లి ఎముకల గూడు చూపించాను. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన జీవి అది, దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటిది. కదలదు, అరవదు. పిల్ల భయపడలేదు. "చచ్చిపోయిందా?" "చచ్చిపోయింది." "నేను పుట్టకముందా?" "ముందే." "నువ్వు పుట్టకముందా?" "చాలా ముందు." "మీ అమ్మమ్మ పుట్టకముందా?" ప్రశ్నలు అలా వెనక్కి వెనక్కి పోతూనే ఉన్నాయి. నిజమైన వస్తువు ముందు నిలబడితే పిల్లల నోటికి ప్రశ్న వస్తుంది. పెద్ద చప్పుడు ముందు నిలబడితే కేక వస్తుంది, లేదా మాట పడిపోతుంది.

ఇదంతా చెబితే మా అమ్మాయి ఒప్పుకోదు. "అమ్మా, వారమంతా ఆఫీసు. దొరికేది ఒక్క ఆదివారం. బయట ఎండ, దుమ్ము, కుక్కలు. మధ్యలో పిల్ల టాయ్‌లెట్ అంటే ఎక్కడికి తీసుకెళ్లాలి? మాల్‌లో అయితే అన్నీ ఉంటాయి, నేను కూడా పది నిమిషాలు కూర్చోవచ్చు" అంటుంది. ఆమె చెప్పేదాంట్లో అబద్ధం ఏదీ లేదు. వీధికుక్కల భయం నాకూ ఉంది. శుభ్రమైన టాయ్‌లెట్, నీడ, తాగేనీళ్లు, తల్లి కాసేపు కూర్చోవడానికి ఒక బల్ల: నగరం ఇవ్వవలసిన ఈ నాలుగింటినీ ఆమె గంటకు ఇంత అని కొనుక్కుంటోంది. ఆ ఆదివారం మాకు అన్నీ కలిపి 2,400 రూపాయలయింది. వాచ్‌మన్ భార్య ఏం చేసి కొనుక్కోవాలి?

అందుకే నా అసలు కోపం మాల్ మీద కాదు, మా వీధి చివర ఉన్న పార్కు మీద. పొద్దున పదింటికి తాళం పడుతుంది, సాయంత్రం తెరుస్తారు. బడికి వెళ్లని పిల్లలకు తీరిక ఉండేదే ఆ మధ్య వేళ. లోపల గడ్డిమీద నడవరాదని ఒక బోర్డు, బంతి ఆటలు నిషేధమని మరొకటి. ఇనుప జారుడుబల్ల మీద నీడ లేదు, వేసవిలో చెయ్యి పెడితే కాలుతుంది. రెండు ఊయలల్లో ఒకదానికి గొలుసు తెగి చాలాకాలమైంది. ఉన్న కాస్త ఖాళీలో పెద్దల వ్యాయామ పరికరాలు పెట్టారు. మట్టి కనపడకుండా పలకలు పరిచారు. బంతిని నిషేధించాలని సంఘం సమావేశంలో అడిగినవాళ్లలో నా వయసువాళ్లే ఎక్కువ. పిల్లల చప్పుడు పడదన్నారు. లేచి మాట్లాడాను, ఓడిపోయాను. ఆటా విశ్రాంతీ పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం చెబుతుంది. భారతదేశం 1992లో దాన్ని ఆమోదించింది. ఆ సంగతి చదివి వినిపించినా సభలో చేతులు లేవలేదు.

మా అబ్బాయి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాడు. రెండు నెలలు అక్కడ ఉన్నప్పుడు ఒక చిన్న ఆటస్థలం దగ్గర రోజూ కూర్చునేదాన్ని. వెడల్పాటి కాంక్రీటు అంచు ఉన్న ఇసుక గుంత, దాటుకుంటూ పోవడానికి గుండ్రటి దిమ్మలు, వేలాడటానికి వంచిన ఇనుప కమ్మీలు. ఇంతే. ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి చేసినది అని మా అబ్బాయి చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1947లో బెర్టెల్‌మన్‌ప్లేన్ అనే చోట ఆయన మొదటిది కట్టాడు. నగరపాలక శాఖ తరఫున మూడు దశాబ్దాల్లో 700కు పైగా కట్టాడు. వీధి మూల, రెండు ఇళ్ల మధ్య ఖాళీ జాగా, ఏది దొరికితే అది. మా వీధిలో కూడా కట్టండి అని జనం ఉత్తరాలు రాసేవారట. ఇప్పుడు చాలావరకు పోయాయి, కొన్ని మిగిలాయి. యుద్ధంలో చితికిపోయిన నగరం అది, డబ్బుకు కటకటగా ఉన్న రోజులు. అయినా ఇసుకకు, సిమెంటుకు, నాలుగు కమ్మీలకు దొరికింది. ఆ ఇసుక గుంత అంచుమీద తల్లులు కూర్చునేవారు, పిల్లలు దానిమీదే ఇసుక రొట్టెలు పరిచేవారు. అంచు అంత వెడల్పు ఎందుకు పెట్టాడో చూస్తే అర్థమవుతుంది. ఆ మనిషి వంగి చూశాడు.

నగరం అవతల ఎక్కడో వంద ఎకరాల్లో కట్టబోయే అద్భుతాలు మా పిల్లకు అక్కర్లేదు. ఆమెకు కావలసింది నడిచి వెళ్లగలిగినంత దూరంలో రోజంతా తెరిచి ఉండే ఒక చెట్టు నీడ, కాస్త ఇసుక, ఒక కుళాయి, ఒక టాయ్‌లెట్. ఈ మాట రాసి, వీధిలో సంతకాలు తీసుకుని వార్డు కార్యాలయంలో ఇచ్చాను. 43 సంతకాలు. వాచ్‌మన్ భార్యది మొదటిది.

ప్రస్తుతానికి మా పిల్లలకు ఆటస్థలం ఒకటి దొరికింది. పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు. అందరూ రాతిపొడి ఇసుకే వాడుతున్న రోజుల్లో వాళ్లు ప్లాస్టరింగుకు ఏటి ఇసుక తెప్పించారు. గేటు పక్కన కుప్ప పోశారు. సాయంత్రం కూలీలు పని ఆపి వెళ్లాక మా వీధి పిల్లలందరూ అక్కడే. జల్లెడ పట్టాక మిగిలిన గులకరాళ్లలో నత్తగుల్లలు ఏరుకుంటున్నారు. పిచ్చుకగూళ్లు ఎలా కట్టాలో నేర్పాను: తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక వేసి, అరచేత్తో గట్టిగా చరిచి, మెల్లగా పాదం తీసేయాలి. మా మనవరాలికి మొదటి రెండు రోజులు కూలిపోతూనే ఉన్నాయి. మూడోరోజు ఒకటి నిలిచింది. ఊపిరి బిగబట్టి పాదం తీసి, వంగి లోపలికి చూసి, "అమ్మమ్మా, ఇల్లు!" అంది.

కుప్ప రోజురోజుకూ తరిగిపోతోంది. వచ్చేవారానికి గోడలపని పూర్తవుతుందని మేస్త్రీ చెప్పాడు. పిల్లలకు కాస్త ఉంచమని అడిగాను. యజమానికి చెప్పి నాలుగు తట్టలు వేపచెట్టు కింద పోయిస్తానమ్మా అన్నాడు.